రోజుకి రెండు ఖాళీలు

ఊరందరికీ నీళ్ళిచ్చే ఆఫీసు అది. బుధవారం పొద్దున దాని మోటారే ఆగిపోయింది. పై అంతస్తులో అధికారుల బాత్రూముల్లో చుక్క లేదు. సూపర్నెంటు ముక్కు మూసుకుని వరండాలోకి వచ్చాడు. గోడవారగా నేల మీద కూర్చున్న మనిషిని గడ్డంతో చూపించి, "ఏయ్ పంపూ, లే. ఆ మోటారు సంగతేంటో చూడు" అన్నాడు.

ఆ మనిషి లేచాడు. పంపు హౌసులో ఇరవయ్యారేళ్ళు మోటార్లు నడిపాడు కాబట్టి అందరికీ అతను పంపన్న. మూడేళ్ళ మూడు నెలలుగా సస్పెన్షన్లో ఉన్నాడు. సస్పెన్షన్లో ఉన్నవాడు పని చెయ్యకూడదు. అలాగని ఊరు దాటకూడదు. ఆ ఆఫీసులో అయితే పదింటికొచ్చి సంతకం పెట్టాలి, ఐదింటికి మళ్ళీ పెట్టాలి, మధ్యలో వరండాలో పడి ఉండాలి. అక్కడ ఒక్క కుర్చీ వేసిన పాపాన ఎవడూ పోలేదు.

పంపన్న మోటారు గోతిలోకి దిగి గంటన్నర కుస్తీ పట్టాడు. బేరింగు మార్చాడు. పైన కుళాయిలు ఒక్కసారిగా దూకిన చప్పుడు కింద గదులన్నిటికీ వినిపించింది. చేతులు తుడుచుకోవడానికి పాత గుడ్డముక్క కూడా ఎవరూ ఇవ్వలేదు. చొక్కాకే తుడుచుకుని లోపలికొచ్చి, జేబులోంచి మడత పెట్టిన కాగితం తీసి సూపర్నెంటు బల్ల మీద పెట్టాడు. నెలనెలా ఇవ్వాల్సిన కాగితం అది. 'ఈ నెలలో నేను ఎక్కడా ఏ పనీ చెయ్యలేదు' అని రాసి సంతకం పెట్టాలి. అది ఇస్తేనే ఆ నెలకి సగం జీతం.

సూపర్నెంటు దాన్ని రెండు వేళ్ళతో కొస పట్టుకుని ఎత్తాడు. "ఛీ ఛీ, ఏంటయ్యా ఈ జిడ్డు? దీన్ని ఫైల్లో పెట్టమంటావా? శుభ్రంగా రాసుకుని రేపు రా."

"ఇప్పుడే కదండీ మీ మోటారు..."

"ఏ పనీ చెయ్యలేదని రాసింది నువ్వే కదా? మరి చేతులకి గ్రీజు ఎలా అంటింది? అబద్ధపు సర్టిఫికెట్టని ఇంకో కేసు పెట్టమంటావా?"

గదిలో నలుగురు గుమాస్తాలు నవ్వారు. వాళ్ళకంటే గట్టిగా నవ్వినవాడు కాంట్రాక్టరు. కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఆఫీసు టీ తాగుతున్నాడు. క్రిములు చావడానికి నీళ్ళలో కలిపే మందు సరఫరా చేసేది వాడే. ఆ టీ తెచ్చిచ్చింది సర్కారు అటెండరు, వాడు కూర్చున్న కుర్చీ సర్కారుది, వాడి ముందు నిలబడి చేతులు నలుపుకుంటున్నది సర్కారు మనిషి.

కిటికీ పక్క సీట్లో కూర్చున్న ఔట్‌వర్డు క్లర్కు ఇదంతా చూసింది. ఆవిడ నవ్వలేదు. ఆ ఆఫీసు నుంచి ఏ ఉత్తర్వు బయటికి పోవాలన్నా ఆవిడ తన రిజిస్టర్లో తేదీ వేసి, వరస నంబరు రాయాలి. నంబరు పడని కాగితం చిత్తు కాగితంతో సమానం. అందుకే ఆవిణ్ణి అందరూ నంబరక్క అంటారు. ఇరవై రెండేళ్ళ సర్వీసు.

పంపన్న చేసిన నేరమేమిటో కూడా చెప్పాలి. మూడేళ్ళ కిందట ఒకసారి పదిహేడు రోజులు నీళ్ళలో కలిపే మందు రాలేదు. మిగతా పంపు హౌసుల్లో 'మందు కలిపాం' అని రాసుకుని చేతులు దులుపుకున్నారు. పంపన్న మాత్రం లాగ్ బుక్కులో రోజూ 'మందు రాలేదు' అని రాశాడు. పద్దెనిమిదో రోజుకి కాలువ పక్క వీధుల్లో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆరుగురు పోయారు. పెద్ద ఇంజినీరు చేసిన మొదటి పని లాగ్ బుక్కు తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టి తాళం వెయ్యడం. రెండో పని పంపన్నని సస్పెండ్ చెయ్యడం.

అంతే, అక్కడితో సరి. విచారణ లేదు, చేసిన తప్పేంటో రాసిచ్చే చార్జిమెమో లేదు. ఎందుకిస్తారు? చార్జిమెమో ఇస్తే ఆ మనిషి జవాబు చెప్తాడు. నా లాగ్ బుక్కు తెప్పించండి అంటాడు. అది తెరిస్తే కాంట్రాక్టరూ బయటపడతాడు, వాడి బిల్లుల మీద సంతకాలు పెట్టిన పెద్దలూ బయటపడతారు. తప్పు చేశావని అనరు, చెయ్యలేదనీ అనరు. అలా గోడవార పారేసి ఉంచితే మనిషి వాడంతట వాడే కుళ్ళిపోతాడని వాళ్ళ లెక్క.

ఆ సాయంత్రం నంబరక్క గేటు దాటుతుంటే పంపన్న కూతురు ఎదురొచ్చింది. లా చదువుతున్న పిల్ల. భుజాన సంచి, చేతిలో కాగితాల కట్ట.

"అత్తా, రెండు నిమిషాలు."

"ఏమ్మా, నాన్న సర్టిఫికెట్టు సంగతా? నేను చెప్తాలే సూపర్నెంటుతో..."

"అది కాదత్తా. రూలు చదువుతా, విను. సస్పెండ్ చేసిన మూడు నెలల్లోపు చార్జిమెమో ఇవ్వాలి. లేదంటే ముగ్గురు అధికారుల కమిటీ కూర్చుని, కారణాలు రాసి, గడువు తీరకముందే పొడిగించాలి. ఒక్క రోజు దాటినా సస్పెన్షన్ పోయినట్టే. తర్వాత ఎన్ని ఆర్డర్లిచ్చినా అది బతకదు. పై కోర్టు కూడా ఇదే చెప్పింది, మనిషిని ఏళ్ళ తరబడి అలా వేలాడదీసి ఉంచడానికి వీల్లేదని."

"మంచిదేగా మరి."

"మంచిదే. కానీ నాన్నకి పన్నెండు పొడిగింపులు ఇచ్చారు. పన్నెండూ గడువు దాటాకే మా ఇంటికొచ్చాయి. ఒకటి పదకొండు రోజులు లేటు, ఒకటి నెల లేటు. కాగితం మీద తేదీ మాత్రం ప్రతిసారీ గడువుకి రెండు రోజుల ముందుదే." ఆ పిల్ల కట్ట తెరిచి చూపించింది. "నంబర్లన్నీ నీ చేతిరాతత్తా."

నంబరక్క ఆ కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసింది. "నేను... నంబరు వేసేదాన్నేనమ్మా. ఆర్డరు నేనిచ్చానా?"

"నంబరు లేకపోతే అది ఆర్డరే కాదు కదత్తా. పదమూడో గడువు ఎల్లుండి శుక్రవారంతో తీరిపోతుంది. సోమవారం మధ్యాహ్నం ట్రిబ్యునల్లో మా కేసుంది. కమిటీ ఇంతవరకు కూర్చోలేదు. ఎలాగూ తర్వాత వేసుకోవచ్చన్న ధీమా." ఆ పిల్ల కట్టని విసురుగా సంచిలో కుక్కింది. "మా అమ్మ నాన్నతో మాట్లాడ్డం మానేసింది. ఏ తప్పూ చెయ్యకపోతే ఇన్నేళ్ళు ఎవరైనా కూర్చోబెడతారా అంటోంది. ఆవిణ్ణనేం లాభం, వీధంతా అదే మాట."

నంబరక్క బస్సులో కూర్చుందే గానీ ఏ స్టాపు దాటిందో చూసుకోలేదు.

ఆ ధీమా ఎక్కడిదో నంబరక్కకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. ఔట్‌వర్డు సీట్లో చేరిన మొదటి రోజే అంతకు ముందున్న క్లర్కు నేర్పిన పని. రోజూ పేజీ చివర రెండు వరసలకి నంబర్లు వేసి, పక్కన ఏమీ రాయకుండా వదిలెయ్యాలి. "పెద్దవాళ్ళ అవసరాలకమ్మా" అన్నాడాయన. తర్వాత ఎప్పుడైనా పాత తేదీతో కాగితం పుట్టించాల్సి వస్తే ఆ ఖాళీలో కూర్చోబెట్టెయ్యడమే. టెండరు గడువైనా, బదిలీ అయినా, ఒక మనిషి బతుకైనా సరే. ఇరవై రెండేళ్ళుగా రోజుకి రెండు ఖాళీలు. అందులో దొంగతనం ఉందని ఆవిడకి ఎప్పుడూ తోచలేదు. పద్ధతి అనుకుంది.

ఇంటికెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన దర్జీ. మిషను తొక్కుతూ విన్నాడు, సగంలో ఆపేశాడు.

"అంటే అతన్ని అన్నేళ్ళు అక్కడ కూర్చోబెట్టింది నువ్వా?"

"నేనా? దొరలు రాయమంటే..."

"వాళ్ళు సంతకం పెట్టారు, నువ్వు తేదీ అతికించావు. ఎవరు పెద్ద దొంగో నాకు తెలీదు గానీ..." ఆయన మిగతా మాట మింగేశాడు. "నీ ఉద్యోగం పోతే నా మిషను మీద ఇద్దరం బతకలేం. అదీ నిజమే. నువ్వే చూసుకో."

అన్నం కలుపుకుందామని కంచం ముందు కూర్చుంటే తన కుడిచెయ్యి చూసుకుని ఆవిడకి వెగటు పుట్టింది. లేచి సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. అయినా ముద్ద దిగలేదు.

గురువారం భోజనాల వేళ సైకిల్ షెడ్డులో యూనియన్ మీటింగు. ఫిట్టర్లు, టైపిస్టు, స్వీపర్లు, గుమాస్తాలు, అందరూ కలిపి నలభై మంది దాకా ఉంటారు. యూనియన్ సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు.

"పంపన్న విషయంలో మరొక్కసారి వినతిపత్రం..."

"ఆపవయ్యా నీ వినతి!" అని లేచాడు ఓ ముసలి ఫిట్టరు. వాల్వులు తిప్పీ తిప్పీ చేతులు కాయలు కాసినవాడు. "ఇప్పటికి ఎన్నిచ్చాం? వాటితో కాంట్రాక్టరుగాడు టీ కప్పు కింద మరక తుడుచుకుంటున్నాడు."

నంబరక్క లేచి నిలబడింది. చెప్పేసింది. రెండు ఖాళీల సంగతి, పన్నెండు నంబర్ల సంగతి, ఏదీ దాచలేదు. పంపన్న అక్కడే, స్తంభానికి ఆనుకుని ఉన్నాడు. ఆయన మొహం చూడలేక నేల చూపులు చూస్తూ చెప్పింది.

ఓ స్వీపరమ్మ పక్కకి తిరిగి ఉమ్మేసింది. "థూ! అన్నా అన్నా అని పిలుస్తానే చేశావా ఈ పని? నీకంటే ఆ సూపర్నెంటు నయమే, ఎదురుగా తిడతాడు."

"తిట్టు. పడతాను" అంది నంబరక్క.

"దాన్నొక్కదాన్నే అంటారేంటి?" టైపిస్టు గొంతు. లావుపాటి కళ్ళద్దాల మనిషి, ఎప్పుడూ మీటింగుల్లో మాట్లాడడు. "ఆ పన్నెండూ టైపు చేసింది నేను. పాత తేదీ వెయ్యమంటే వేశాను. ఆ కవర్లు పట్టుకెళ్ళి పంపన్న ఇంట్లో ఇచ్చొచ్చింది అటెండరు. ఏరా, నువ్వేగా?"

"నేనే" అన్నాడు అటెండరు.

"నిన్న మోటారు బాగు చేయించుకుని వెక్కిరిస్తుంటే నవ్వింది ఎవరు?" అన్నాడు ముసలి ఫిట్టరు. "మన గుమాస్తాలు కాదూ? దొరలు సంతకం పెట్టి చెయ్యి కడుక్కుంటారు. మిగతా మురికి పనంతా మనదే. మనం మానేస్తే ఏం చేస్తారో చూద్దాం. మానేద్దామా, లేదా?"

"మానేస్తే మనల్నీ సస్పెండ్ చేస్తారు" అన్నాడు సెక్రటరీ.

"ఎంతమందిని? ఆ వరండా సరిపోద్దా నలభై మందికి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పుడు పంపన్న మాట్లాడాడు, మెల్లగా. "చెల్లెమ్మా, నువ్వు చేసింది నేను మర్చిపోలేను. అబద్ధమెందుకు చెప్పాలి? కానీ శుక్రవారం తర్వాత వాళ్ళ కాగితానికి నంబరు పడకపోతే నేను మళ్ళీ పంపు హౌసుకి పోతాను. పడితే ఇంకో మూడు నెలలు. నాకింక ఓపిక లేదమ్మా. ఇదివరకు ఇంటికి పోవాలనిపించేది, ఇప్పుడు అదీ అనిపించట్లేదు."

ఆ మాటతో షెడ్డులో వాదన ఆగిపోయింది. తీర్మానం రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పాత తేదీతో ఎవరూ టైపు చెయ్యరు, ఎవరూ నంబరు వెయ్యరు, ఎవరూ పట్టుకెళ్ళరు. రోజూ ఐదింటికి రిజిస్టరు చివర ఎర్రసిరాతో గీత కొట్టి, ఇద్దరు సాక్షి సంతకాలు పెట్టాలి. పాత ఖాళీలన్నీ ఆ సాయంత్రమే కొట్టెయ్యాలి. అలాగే కొట్టేశారు. స్వీపరమ్మ పక్కనే నిలబడి ఒక్కొక్క పేజీ తిప్పించింది.

శుక్రవారం నాలుగున్నరకి సూపర్నెంటు అరవై కాగితాలు తెచ్చి నంబరక్క బల్ల మీద కుమ్మరించాడు. అన్నీ ఈ రోజే పోవాలన్నాడు. ఆవిడ తలెత్తకుండా రాసింది. ఒక పేజీ నిండింది, రెండో పేజీలోకి వెళ్ళింది. ఐదింటికి చివరి కాగితం కింద ఎర్రగీత పడింది. టైపిస్టు, ముసలి ఫిట్టరు సంతకాలు పెట్టారు. ముగ్గురూ హాయిగా ఊపిరి పీల్చుకుని ఇళ్ళకెళ్ళారు.

సోమవారం పది కాగానే సూపర్నెంటు వచ్చాడు. టైపిస్టు కుదరదన్నాడని ఆర్డరు బయట షాపులో టైపు చేయించుకొచ్చాడు. తేదీ శుక్రవారానిది. కింద కమిటీవాళ్ళ మూడు సంతకాలు. "ట్రిబ్యునల్ నుంచి మన లాయరు ఫోన్ల మీద ఫోన్లు. నంబరు వెయ్యి, త్వరగా."

"ఖాళీ లేదండీ. గీత కొట్టేశాం."

"విన్నాన్లే మీ గీతల భాగోతం." వాడు రిజిస్టరు లాక్కుని పేజీలు తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయాడు. మొహం విప్పారింది. "మరి ఇవేంటి?"

శుక్రవారం మొదటి పేజీ చివర రెండు వరసలు. నంబర్లున్నాయి, పక్కన ఏమీ లేదు. ఎర్రగీత పడింది వెనక పేజీలో. ఆ హడావుడిలో ఆవిడ చెయ్యి, ఇరవై రెండేళ్ళ అలవాటు కొద్దీ, తనంతట తానే రెండు వరసలు వదిలేసింది. సాక్షులు చివరి పేజీ తప్ప చూడలేదు.

"చూశావా?" సూపర్నెంటు ముందుకి వంగాడు. వాడి నోట్లోంచి వక్కపొడి వాసన. "నువ్వెంత అరిచినా మా మనిషివే. నీ చేతికి తెలుసు ఎవరి అన్నం తింటున్నావో. రాయి తల్లీ, రాయి."

తల్లీ అన్న ఆ పిలుపుకి నంబరక్కకి ఒళ్ళంతా పురుగులు పాకినట్టయింది. తన మీదే అసహ్యం, వాడి మీద అసహ్యం, ఆ రెండు తెల్ల వరసల మీద అసహ్యం. కిటికీలోంచి వరండా కనిపిస్తోంది. పంపన్న లేచి నిలబడి ఇటే చూస్తున్నాడు.

"రాయను."

"వరండాలో కూర్చుంటావా మరి, వాడి పక్కన?"

"కూర్చుంటాను." ఆవిడ ఎర్ర కలం తీసింది. వాడు అందుకునేలోపే రెండు వరసలకీ అడ్డంగా గీత కొట్టింది. పక్కన గబగబా రాసింది. 'ఇవి ఖాళీగా వదిలింది నేనే. సోమవారం పదీ నలభైకి కొట్టేసింది కూడా నేనే.' సంతకం పెట్టింది.

"దొంగముండా! రికార్డు పాడు చేస్తావా?" సూపర్నెంటు ఆవిడ మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. అంతే, టైపిస్టు లేచాడు. స్వీపరమ్మ చీపురుతో సహా లోపలికి దూసుకొచ్చింది. "చెయ్యి తియ్యరా! ఆడమనిషి మీద చెయ్యేస్తావా?" నిమిషంలో గది నిండిపోయింది. ఇంకో నిమిషానికి సూపర్నెంటు గోడకి అంటుకుపోయాడు. టైపిస్టు రిజిస్టరు తీసుకుని ఆవిడ సంతకం పక్కన తన సంతకం పెట్టాడు. ముసలి ఫిట్టరు పెట్టాడు. స్వీపరమ్మ వేలిముద్ర వేసింది. అటెండరు పెట్టాడు. మొన్న నవ్విన నలుగురిలో ఇద్దరు వచ్చి పెట్టారు. మిగతా ఇద్దరు ఫైళ్ళలో తల దూర్చుకున్నారు. పేజీ ఫొటో తీసి పంపన్న కూతురికి పంపించారు.

పెద్ద ఇంజినీరు కిందికి దిగలేదు. ఫోను చేశాడు. పన్నెండూ ఇరవైకి పోలీసులొచ్చి నంబరక్కని జీపెక్కించారు. నేరం: ప్రభుత్వ రికార్డు తారుమారు చెయ్యడం. ఇరవై రెండేళ్ళు రోజూ దొంగరాతలకి చోటిచ్చినప్పుడు ఆవిణ్ణి ఒక్క పోలీసూ పట్టుకోలేదు, పైగా మంచి ఉద్యోగి అని కాగితమిచ్చారు. ఒక్క నిజం రాసేసరికి నేరస్థురాలైంది. ఈ సర్కారు నీతి ఇదీ. చదువుకునే పిల్లలు ఇది బాగా గుర్తుంచుకోవాలి.

స్టేషన్లో ఎస్సై రాలేదని మూడు గంటలు బల్ల మీద కూర్చోబెట్టారు. నాలుగవుతుండగా బయట గేటు దగ్గర గోల మొదలైంది. ఆఫీసు ఆఫీసంతా వచ్చింది. కాలేజీ పిల్లలు తోడయ్యారు. కాలువ పక్క వీధుల ఆడవాళ్ళు బిందెలతో సహా వచ్చారు. పంపన్న కూతురు కిటికీ ఊచలు పట్టుకుని అరిచింది.

"అత్తా! అయిపోయింది! శుక్రవారం లోపు ఇచ్చిన ఆర్డరు చూపించమన్నారు. వాళ్ళ లాయరు నంబరు లేని కాగితం పట్టుకుని నీళ్ళు నమిలాడు. సస్పెన్షన్ రద్దు! నాన్నని రేపే డ్యూటీలో చేర్చుకోమన్నారు. లాగ్ బుక్కు కూడా తెమ్మన్నారత్తా!"

పిల్ల వెనకాల పంపన్న ఉన్నాడు. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నంబరక్కకి ఏడుపు తన్నుకొచ్చింది, ఆపుకోలేదు.

రాతకోతలు చూసే స్టేషన్ రైటరు ఒక ఫారం తెచ్చి ముందు పెట్టాడు. నడివయసు కానిస్టేబులు, కళ్ళ కింద ఉబ్బు. "సంతకం పెట్టమ్మా. అరెస్టు కాగితం."

ఆవిడ కళ్ళు తుడుచుకుని కాగితం చదివింది. పేరుంది, నేరముంది, స్టేషనుంది. అరెస్టు చేసిన తేదీ, టైము అన్నచోట ఏమీ లేదు.

"ఇది ఖాళీగా ఉందేం?"

"అది మేం తర్వాత వేసుకుంటాంలే. ఎస్సైగారు చెప్పినప్పుడు."

"అరెస్టు చేసిన ఇరవై నాలుగు గంటల్లో కోర్టుకి తీసుకెళ్ళాలిగా. ఎప్పుడు తీసుకెళ్ళాలని ఉంటే దానికి తగ్గట్టు వేసుకుంటారు, అంతేనా?"

రైటరు ఇటూ అటూ చూశాడు. "నాకూ పిల్లలున్నారమ్మా. ఏది రాయమంటే అది రాస్తా. నాదేముంది?"

"నేనూ ఇదే అనుకున్నా తమ్ముడూ, ఇరవై రెండేళ్ళు. నాదేముంది అనుకుంటూనే మనిషిని నాశనం చేశా. అదిగో, గేటు దగ్గర ఉన్నాడు చూడు." ఆవిడ ఫారం వెనక్కి తోసింది. "టైము రాయి. రాశాకే సంతకం."

కిటికీ దగ్గరున్న పిల్ల ఆ మాట వింది. వెనక్కి తిరిగి జనానికి చెప్పింది. "అరెస్టు టైము రాయట్లేదు!" గేటు దగ్గర ముసలి ఫిట్టరు గొంతు లేచింది. "టైము రాయాలి!" స్వీపరమ్మ అందుకుంది. బిందెల ఆడవాళ్ళు అందుకున్నారు. కాలేజీ పిల్లలు గేటు ఊపుతూ అందుకున్నారు. "టైము రాయాలి! టైము రాయాలి!"

రైటరు కలం మూత తీశాడు. ఆ రోజు తేదీ వేసి, పక్కన పన్నెండూ ఇరవై అని రాశాడు.

అప్పుడే లోపలికొచ్చిన ఎస్సై బల్ల మీదికి వంగి చూశాడు. "నిన్నెవడు రాయమన్నాడ్రా?"

రైటరు లేచి నిలబడ్డాడు. కాగితం మాత్రం వదల్లేదు.

"ఎవరూ అన్లేదు సార్. తెచ్చింది ఆ టైముకే."